సిద్దమ్మ మెడకు కరెంటు

ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో సిద్దమ్మ కుదురుగా కూర్చోవడం ఎవరూ చూడలేదు. ఏడేళ్ల పిల్ల. రాట్నం ముందు కూర్చుని తండ్రికి కండెలు చుట్టేటప్పుడు కూడా చెవులు వీధిలోనే ఉండేవి. ఎదురింట్లో ఏం కూర ఉడుకుతోందో, ఎవరి మేక ఈనిందో, నేతగాళ్ల సొసైటీకి నూలు బండి వచ్చిందో లేదో అందరికంటే ముందు ఆమెకే తెలిసేది. "కాళ్లకు చక్రాలు కట్టుకొని పుట్టె ఈ పిల్ల" అనేది నాయనమ్మ హంపమ్మ.

1957 చలికాలంలో ఒకరోజు తల్లి సంతోషమ్మ ఆమెకు తల దువ్వుతూ చెయ్యి ఆపింది. ఎడమ చెవి కింద, మెడ మీద వక్కంత గడ్డ. నొక్కితే నొప్పి లేదు. నెల తిరిగేసరికి అది నిమ్మకాయంత అయింది. చూసిన ప్రతివాళ్లూ మెడ బిళ్లల జబ్బు, గండమాల అన్నారు. వేపాకు, పసుపు నూరి కట్టారు. తగ్గలేదు. పక్క ఊళ్లో వాతలు పెట్టే ఆయన ఉన్నాడని ఒకామె చెప్పింది.

"వాత పెడితే గడ్డ పోతాదో లేదో గానీ, పిల్ల మాత్రం ఊరిడిసి పారిపోతాది" అంది హంపమ్మ. "అయ్యన్నా, రేపు బస్సుకు కర్నూలు పోదాం పద."

అయ్యన్న ఆమె కొడుకు, సిద్దమ్మ తండ్రి. మాటకారి తల్లికీ మాటకారి కూతురికీ మధ్య నోరు విప్పే సందు దొరకక బతికిన మనిషి. మగ్గం దిగి బయలుదేరాడు.

కర్నూలు పెద్దాసుపత్రిలో రామసుబ్బారెడ్డి అనే పడుచు డాక్టరు గడ్డను నిదానంగా తడిమి చూశాడు. కోయిలకుంట్ల వైపు మనిషి. అందులోంచి చిన్న ముక్క కోసి పరీక్షకు పంపాడు. పదిహేను రోజుల తర్వాత మళ్లీ రమ్మన్నాడు. వెళ్తే పిల్లను బయట నర్సు దగ్గర కూర్చోబెట్టి, తల్లీకొడుకులను లోపలికి పిలిచాడు.

"గండమాల కాదప్పా. రాచపుండు జాతి జబ్బు, క్యాన్సరంటారే, అది."

అయ్యన్న బల్ల మీద కూలబడ్డాడు. ఆ పేరు విన్న ఇంట్లో ఇక మందు మాట ఎత్తరు. అందరికీ తెలిసిన సంగతే. హంపమ్మ మాత్రం నిలబడే ఉంది.

"అన్నీ ఒకటి కాదవ్వా" అన్నాడు డాక్టరు. "ఇది మెడలోనే ఉండాది. యాడికీ పాకలేదు. మద్రాసులో దీనికి కరెంటు పెడతారు. ఎక్సురే అని ఫోటో తీస్తారే, అదే. కాకపోతే శానా బలమైంది. ఈ రకం గడ్డ దానికి కరుగుతాది."

"కాలుతాదా నాయనా?"

"మంట పుట్టదు. కంటికి కనపడదు. రోజూ కొన్ని నిమిషాలు, అయిదు వారాలు. మళ్లీ రాదని నేను మాటియ్యలేను. ఇప్పుడు పోకపోతే మాత్రం ఏమైతాదో నాకు తెలుసు."

హంపమ్మ కొంగు బిగించుకుంది. "మాటేమీ వద్దులే. చీటీ రాయి."

సంతోషమ్మ చేతిలో మూడు నెలల బిడ్డ ఉన్నాడు. ఆమె కదలలేదు. అందుకని ఆదోనిలో రైలెక్కినవాళ్లు ముగ్గురే. అయ్యన్న వాళ్లను మద్రాసు ఆసుపత్రిలో చేర్చి, రెండు రోజులు ఉన్నాడు. వరండాలో స్తంభానికి ఆనుకుని పిల్ల మెడవైపే చూస్తూ ఉండేవాడు. మూడో రోజు హంపమ్మ కొడుకును పక్కకు పిలిచింది.

"నువ్వు ఊరికి పో. నువ్వీడ మొగం యాలాడేసుకొని కూసుంటే పిల్లకు భయం పుడతాది. నేనుండా గదా."

"నీకు ఈడ మాట రాదే అమ్మా."

"నాకు తెలుగొస్తాది, కన్నడమొస్తాది. ఇంగ ఏం గావాల? వాళ్లే నేర్చుకుంటారు."

నిజంగానే అలాగే జరిగింది. హంపమ్మ నర్సుతో, ఊడ్చేవాళ్లతో, పాలమనిషితో ఎమ్మిగనూరు తెలుగే గట్టిగా మాట్లాడింది. వాళ్లు అరవంలో జవాబు చెప్పారు. వేడినీళ్లు కావాలంటే వేడినీళ్లు వచ్చాయి. ఒక్కసారి మాత్రం గంజి అడిగితే దుప్పటి తెచ్చారు.

అక్కడి పెద్ద డాక్టరు సిద్దమ్మ మెడ మీద ఊదా సిరాతో గీతలు గీశాడు. కరెంటు సరిగ్గా ఆ గీతల మధ్యే పడాలట. చెరగకూడదు, తడపకూడదు. సిద్దమ్మ వార్డంతా తిరిగి "నాకు పటం గీసినారు" అని అందరికీ చూపించుకుంది.

అక్కడిదాకా బాగానే ఉంది.

కరెంటు గది నేల అంతస్తులో ఉండేది. లోపల ఒక పొడవాటి బల్ల, దాని మీదకి వంగిన పెద్ద యంత్రం. కిటికీలు లేవు. గోడలకూ తలుపుకూ సీసం రేకు వేసి ఉంది. యంత్రం నడిపే మాణిక్యం యాభై ఏళ్ల మనిషి. ఆయన భార్యది పుత్తూరు కాబట్టి తెలుగు వచ్చు.

"పాపా, ఎనిమిది నిమిషాలు. తల కదిలించకూడదు, మెడ కదిలించకూడదు. లోపల నువ్వొక్కదానివే. మేమంతా బయటుంటాము" అని చెప్పి, మెడకు రెండు పక్కలా ఇసుక సంచులు సర్ది, బరువైన తలుపు మూశాడు.

యంత్రం గుయ్యిమంది. అర నిమిషం గడవకముందే సిద్దమ్మ తల తిప్పి తలుపు వైపు చూసింది. తలుపు పక్క గోడలో ఉన్న చిన్న దళసరి అద్దంలోంచి చూస్తున్న మాణిక్యం బయటి మీట నొక్కి యంత్రం ఆపాడు. మళ్లీ సర్దాడు. మళ్లీ తిప్పింది. మూడోసారి లేచి కూర్చుంది. మర్నాడూ అదే తంతు. బుజ్జగించారు, గద్దించారు, బిస్కత్తు ఇచ్చారు. బిస్కత్తు తింది. మెడ మాత్రం నిలవలేదు.

పెద్ద డాక్టరు చెప్పింది మాణిక్యం హంపమ్మకు తెలుగులో చెప్పాడు. "రేపు కూడా ఇట్లే అయితే రోజూ మందిచ్చి నిద్రపుచ్చాలంట. చిన్న పిల్లకు ఇన్ని రోజులు ఆ మందివ్వడం ఆయనకు ఇష్టం లేదు. కరెంటు పెట్టకుండా విడిచిపెట్టడానికీ లేదు. ఏం చెయ్యాలో మీరే చెప్పండి."

"ఒకతూరి నన్ను ఆ గదిలోకి పోనీ నాయనా" అంది హంపమ్మ.

యంత్రం ఆగి ఉన్న సమయంలో లోపలికి వెళ్లి, చెప్పులు విడిచి, చీర సర్దుకుని ఆ బల్ల ఎక్కి వెల్లకిలా పడుకుంది. మాణిక్యం "అయ్యయ్యో, దిగండమ్మా" అంటూ చేతులు ఊపాడు.

"తలుపెయ్యి" అంది హంపమ్మ.

వేశాడు. రెండు నిమిషాల తర్వాత తీసేసరికి ఆమె పైకప్పు వైపు చూస్తూ ఉంది. మెల్లగా దిగి బయటికి వచ్చి, సిద్దమ్మ పక్కన కూర్చుంది.

"ఏం మే, ఏంటికి కదుల్తాండావు? నొప్పి పుడ్తాదా?"

"లేదు."

"సప్పుడుకు భయమా?"

"సప్పుడు మన రాట్నం మాదిరే ఉండాది." సిద్దమ్మ తల వంచుకుంది. ఆమె గొంతు తగ్గించి మాట్లాడడం హంపమ్మ అదే మొదటిసారి వినడం. "తలుపేసినాక నువ్వు ఉండావో లేదో తెల్దు గదవ్వా. నాయన మాదిరి నువ్వూ ఊరికి పోతివేమో అని చూస్తాండా."

 ఆ మాట తనకే ముందు తట్టి ఉండాల్సిందనుకుంది హంపమ్మ.

మగ్గం ఇంటి మనిషి మూటలో నూలు లేకుండా ఉండదు. హంపమ్మ మూట విప్పి ఎర్రనూలు కండె ఒకటి తీసింది. కొసను సిద్దమ్మ కుడిచేతి బొటనవేలికి చుట్టి, ఊడిపోకుండా, బిగుసుకోకుండా ముడి వేసింది. "ఈ పోగు ఇంగో కొస నా ఏలికుంటాది. తలుపు కింద సందు ఉండాది, నేను చూసినా. నిమిసానికొక తూరి నేను లాగుతా. నువ్వు లాగొద్దు, లెక్కబెట్టు. ఎనిమిది అయినాక తలుపు తెరుస్తారు."

"నువ్వు యాడికన్నా పోతే?"

"పోతే పోగు తెగుతాది. తెగితే నీకు తెలీదా?"

సిద్దమ్మ ఆలోచించింది. "తొమ్మిదో తూరి లాగితే?"

"అప్పుడు బయటికొచ్చి నా ఈపు మీద ఒకటేసుకో."

మాణిక్యం పెద్ద డాక్టరును అడిగి వచ్చాడు. నూలు పోగు కరెంటుకేమీ అడ్డం కాదన్నారట. హంపమ్మ తలుపు బయట నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఆమెకు గడియారం చూడడం రాదు. అందుకని మాణిక్యం అద్దం దగ్గర నిలబడి నిమిషం నిమిషానికీ ఒక వేలు ఎత్తి చూపించేవాడు. వేలు లేవగానే హంపమ్మ పోగును మెత్తగా ఒక్కసారి లాగేది.

ఒకటి. రెండు. అద్దంలోంచి చూస్తున్న మాణిక్యం మొహంలో నమ్మకం లేదు. మూడు. నాలుగు. అయిదో వేలికి ఆయన మొహం విప్పారింది. ఎనిమిదోది కాగానే యంత్రం ఆపి తలుపు తీశాడు.

"సరిగ్గా ఎనిమిదే" అంది సిద్దమ్మ, బల్ల మీద నుంచి దూకుతూ. "నీ ఈపు తప్పిచ్చుకునింది అవ్వా."

ఆ తర్వాత రోజులు సాఫీగా సాగాయి. పదకొండో రోజున మాత్రం అయిదో లాగు అయిన కొద్దిసేపటికే ఆసుపత్రి మొత్తానికి దీపాలు ఆరిపోయాయి. యంత్రం గుయ్యిమనడం ఆగింది. ఊళ్లో ఎక్కడో తీగ తెగిందట. కిటికీలు లేని ఆ గది చిమ్మచీకటి అయి ఉంటుంది. మాణిక్యం "పాపా!" అని అరుస్తూ తలుపు లాగాడు. ఆయన టార్చిలైటు వెతుక్కునేలోపలే హంపమ్మ లోపలికి దూరింది.

వెలుతురు పడేసరికి సిద్దమ్మ బల్ల మీద పడుకున్నది పడుకున్నట్టే ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. మెడ ఇసుక సంచుల మధ్య నుంచి వెంట్రుకవాసి కదలలేదు.

"బంగారూ, భయపడితివా?" అంది హంపమ్మ.

సిద్దమ్మ పెదవులు మాత్రం కదిపింది. "అయిదే అయినాయి. ఏంటికి తెరిస్తిరి?"

పెద్ద డాక్టరు మెట్లు దిగి పరుగెత్తుకుంటూ వచ్చాడు. టార్చిలైటు వెలుతురులో వంగి ఊదా గీతలు చూశాడు. అవి ఉండాల్సిన చోటనే ఉన్నాయి. ఆయన ఇంగ్లీషులో ఏదో అని, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"పెద్దవాళ్లు కూడా ఇట్ల ఉండలేరంటున్నారు" అని చెప్పాడు మాణిక్యం.

పావుగంటకు కరెంటు వచ్చింది. మళ్లీ సర్దే పని లేకుండా మిగతా మూడు నిమిషాలూ పూర్తి చేశారు. ఆ పావుగంటా ఆ ఒక్క మాట తప్ప మాట్లాడకుండా ఉన్నందుకు ఆ మధ్యాహ్నమంతా సిద్దమ్మ వడ్డీతో సహా మాట్లాడింది. వార్డులో ఒక ముసలామె చెవులు మూసుకుని అటు తిరిగి పడుకుంది.

మూడో వారంలో కడప దగ్గరి పల్లె నుంచి పుల్లయ్య అనే రైతు తన కూతురు గురమ్మను తీసుకొచ్చాడు. అయిదేళ్ల పిల్ల. కడుపులో గడ్డకు ఆపరేషన్ చేశారు. మిగిలిందేమైనా ఉంటే చావాలని ఆ చోట కరెంటు పెట్టాలన్నారు. తల్లి లేదు. కరెంటు గది తలుపు చూస్తేనే ఆ పిల్ల కేకలకు ఆసుపత్రి దద్దరిల్లేది. పుల్లయ్య తలపాగా చేతిలో పట్టుకుని, ఏం చెయ్యాలో తోచక గోడవైపు తిరిగి నిలబడేవాడు.

సిద్దమ్మ రెండు రోజులు చూసింది. మూడో రోజు గురమ్మ పక్కన చతికిలబడింది.

"ఏమ్మే, ఏడిస్తే గడ్డకేమన్నా చెవులుండాయా ఇనేదానికి?"

గురమ్మ ఏడుపు ఆపి చూసింది.

"లోపల ఏం ల్యా. ఒక మిషను ఉండాది, అది గుయ్యిమంటాది. నీ ఏలికి నేను పోగు కడ్తా. బయట నేనే పట్టుకుంటా. నీకు లెక్కలొస్తాయా?"

"అయిదుదంకా వస్తాయి."

"నీకు అయిదు నిమిసాలేనంట. చాలు."

మాణిక్యం హంపమ్మ వైపు చూశాడు. ఆమె చిరునవ్వు దాచుకుంటూ పక్కకు జరిగి మనవరాలికి చోటిచ్చింది. సిద్దమ్మ తలుపు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, మాణిక్యం వేలి మీంచి చూపు తిప్పలేదు. మొదటి రోజు గురమ్మ రెండుసార్లు కదిలింది. రెండో రోజు కదల్లేదు. బయటికి రాగానే తండ్రి మెడకు చుట్టుకుని, "నాయనా, అయిదూ నేనే లెక్కబెట్టినా" అంది. పుల్లయ్య ఆ వచ్చీరాని ఏడుపుతో నవ్వుతూ సిద్దమ్మకు దండం పెట్టబోయాడు.

"చిన్నపిల్లకు దండం పెడ్తారా అప్పా!" అని హంపమ్మ ఆయన చేతులు పట్టుకుని దించేసింది.

కష్టం లేకపోలేదు. నాలుగో వారానికి సిద్దమ్మ గొంతు పుండులా అయింది. మింగలేకపోయింది. అన్నం ముందు పెట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకునేది. మెడ వెనక జుట్టు కుచ్చులు కుచ్చులుగా దిండుకు అంటుకుని వచ్చేది. ఆ వెంట్రుకలు ఏరి కొంగులో కట్టుకుంటూ హంపమ్మ మొదటిసారి ఏడ్చింది. పిల్లకు కనపడకూడదని బావి దగ్గరికి వెళ్లి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చింది.

తర్వాత ఆసుపత్రి వెనక పొయ్యి వెలిగించి రాగి అంబలి కాచింది. చల్లార్చి, పుల్లగా లేని మజ్జిగ కలిపి చెంచాతో పోసింది. నర్సు వచ్చి ఇదేమిటని అడిగి, వాసన చూసి, పెద్ద డాక్టరును పిలిచింది. ఆయన ఒక చెంచా తాగి తలూపాడు. మర్నాటి నుంచి గొంతు నొప్పి ఉన్న ఇంకో నలుగురికి కూడా హంపమ్మ కుండలోనే అంబలి కాగింది.

"జుట్టు మళ్లీ వస్తాదంట" అని నర్సు చెప్పిన మాట మనవరాలికి చెప్పింది.

సిద్దమ్మ వెనక చెయ్యి పెట్టి తడుముకుంది. "రాకపోతే పోనీలే. అమ్మ దువ్వేటప్పుడు యెనకల చిక్కులు లాగి చంపుతాండె."

ఆఖరి రోజున పెద్ద డాక్టరు మెడ నొక్కి నొక్కి చూశాడు. నిమ్మకాయంత గడ్డ ఉన్న చోట చర్మం కాస్త నల్లబడి ఉంది. లోపల చేతికేమీ తగల్లేదు. "ఏడాదికి రెండుసార్లు చూపించుకోవాలి. మర్చిపోవద్దు" అన్నాడు. హంపమ్మ అక్కడ పరిచయమైన ప్రతివాళ్లకూ పోయొస్తామని చెప్పి బయలుదేరేసరికి మధ్యాహ్నం రైలు తప్పిపోయింది. మర్నాడు పొద్దున పాసింజరు ఎక్కారు. తీసుకుపోవడానికి వచ్చిన అయ్యన్న దారి పొడుగునా కూతురికి ఎడమవైపే, గడ్డ ఉండిన చోటు కనపడేట్టు కూర్చున్నాడు.

కడప స్టేషనులో బండి ఆగగానే ఎవరో "సిద్దక్కా!" అని కేకవేశారు. వారం ముందే ఇంటికి వెళ్లిన గురమ్మ తండ్రి భుజాల మీద ఎక్కి కూర్చుని ఉంది. వాళ్లు ఏ బండిలో వస్తారో తెలియక పుల్లయ్య నిన్నటి నుంచీ బండ్లన్నీ చూస్తున్నాడట. వేయించిన చెనిక్కాయల మూట కిటికీలోంచి అందించాడు. మూట ఎంత పెద్దదంటే కిటికీలో ఇరుక్కుంది. లోపల అయ్యన్న, బయట పుల్లయ్య లాగుతూ నెడుతూ ఉండగానే బండి కూత వేసింది. ఆఖరి క్షణంలో మూట లోపలికి వచ్చి పడింది. అయ్యన్న వెల్లకిలా పడ్డాడు. కొన్ని నెలల తర్వాత ఆయన గట్టిగా నవ్వడం హంపమ్మ అప్పుడే చూసింది.

ఆరు నెలలకొకసారి కర్నూలు వెళ్లి చూపించుకుంటూనే ఉన్నారు. 1959 ఎండాకాలం ముందు రెండోసారి వెళ్లినప్పుడు రామసుబ్బారెడ్డి డాక్టరు వాళ్లను ఒక పెద్ద గదికి తీసుకుపోయాడు. అక్కడ కొత్త వైద్య కాలేజీ విద్యార్థులు పాతికమంది ఉన్నారు. సిద్దమ్మను స్టూలు మీద కూర్చోబెట్టి, ఒక్కొక్కరినీ వచ్చి మెడ చూడమన్నాడు. వచ్చారు, తడిమారు. ఒకరినొకరు చూసుకున్నారు. చివరికి ఒక కుర్రాడు ధైర్యం చేసి, "ఏమీ లేదు సార్" అన్నాడు.

"అది చూపించడానికే పిలిచినా" అన్నాడు డాక్టరు.

ఆ మాట పూర్తికాకుండానే సిద్దమ్మ స్టూలు మీద నిలబడి, వక్కంత గడ్డ దగ్గర మొదలుపెట్టి, ఊదా గీతలు, చీకటి, అంబలి ఏదీ విడవకుండా చెప్పుకొచ్చింది. డాక్టరు రెండుసార్లు గడియారం చూసుకున్నాడు గానీ ఆపలేదు. విద్యార్థులు కొందరు రాసుకున్నారు కూడా.

వెనక బల్ల మీద కూర్చున్న హంపమ్మ పక్కనున్న అమ్మాయిని మోచేత్తో తాకి, "మా పిల్ల చెప్పింది మీకు అర్థమైతాందా తల్లీ? కాకపోతే మళ్లీ చెప్పిస్తా. మా బస్సుకు ఇంగా శానా సేపుండాది" అంది.